రెండోసారి వచ్చిన జుత్తు

మా చెల్లెలి జుత్తు గురించి అబద్ధం చెప్పింది నేనే. ఒకటి కాదు, రెండు. ఆ సంగతి ముందే చెప్పేస్తే నాకు కాస్త ఊపిరాడుతుంది. తరవాత మీరు నన్ను ఏమన్నా అనుకోండి, పడతాను.

అరవైల చివరి మాట. పొందూరులో మా అమ్మ రాట్నం వడికేది. నాన్న అప్పటికే లేడు. నేను ఆ ఊళ్ళోనే ఆడపిల్లల బళ్ళో టీచర్ని, నా కాపురం పుట్టింటికి రెండు వీధుల అవతల. చెల్లి నాకంటే ఆరేళ్ళు చిన్నది. విజయనగరం ఇచ్చాం. మా మరిదికి జూటు మిల్లులో పని, ఇల్లు స్టేషనుకి దగ్గర. పెళ్ళయి రెండేళ్ళు అయింది, ఇంకా పిల్లల్లేరు.

చెల్లికి చెవి కింద గోలీకాయంత గడ్డ లేచింది. పసుపు పట్టు వేశాం, సున్నం బెల్లం పెట్టాం. అది నిమ్మకాయంత అయింది, దాని పక్కన ఇంకొకటి లేచింది. విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ముక్క కోసి పరీక్షకి పంపారు. చదువుకున్నదాన్నని డాక్టరు నన్ను పక్కకి పిలిచి క్యాన్సర్ అని చెప్పారు. ఆ మాట మా వీధిలో అప్పటికి ఎవరి నోటా వినలేదు. రాచపుండు అంటే అందరికీ తెలుసు గానీ, పుండే లేనిచోట రాచపుండేమిటని అమ్మ నాతో దెబ్బలాడింది.

నరానికి ఇంజక్షన్లు మొదలుపెట్టారు. అవి పడ్డ రోజు చెల్లి పేగులు బయటికొచ్చేలా కక్కేది. గడ్డలు మాత్రం కరిగాయి. అమ్మ ఆ గడ్డలున్నచోట రోజుకి పదిసార్లు వేలు పెట్టి చూసుకుని కళ్ళకద్దుకునేది. మూడో వారంలో ఒక పొద్దున్న చెల్లి మంచం మీంచి లేస్తే జుత్తు దిండు మీదే ఉండిపోయింది. నడుం దిగే జుత్తు దానిది. ఇంకొంచెం పట్టుకు లాగితే గుప్పెడు ఊడి చేతికొచ్చింది. అది ఏడుస్తుందనుకున్నాను. ఆ గుప్పెడు కేసి చూసి, "అప్పా, నొప్పెట్టనేదు" అంది నాతో. నేనే వరండాలోకి పోయి ఏడ్చాను.

ఆ వార్డులో ఒక నర్సమ్మ ఉండేది. శ్రీకాకుళం వైపు మిషను చర్చి వాళ్ళమ్మాయి. మా యాస వినగానే మా మనిషైపోయింది. మందు ఆపేశాక రెండు మూడు నెలలకి జుత్తు తప్పకుండా వస్తుందని, ముందున్నట్టు మాత్రం ఉండకపోవచ్చని చెప్పింది. కుంకుడుకాయ వద్దు, గట్టిగా రుద్దొద్దు, చంటిపిల్ల మాడు ఎలా చూసుకుంటారో అలా చూసుకోండి అని మరీమరీ చెప్పింది. మాకు జరిగిన మేలు ఏదైనా ఉంటే ఆవిడ మాటే.

పొందూరు వచ్చిన వారానికే చెల్లి అత్తగారు చూడ్డానికొచ్చింది. ముసుగు కింద గుండు చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఏమిటిదని అడిగింది. మందుకి ఊడిపోయిందంటే, జుత్తూడే రోగం ఏం రోగం అంటారు. కుష్టు, పెద్దరోగం అని ఒక్కరు అంటే చాలు, ఇంక విజయనగరంలో ఆ పిల్లకి గడప తొక్కే వీలుండదు. నా నోటికి ఏనాడూ తాళం లేదు. రోగం తగ్గితే తలనీలాలిస్తామని సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్నాం, ఆస్పత్రి నుంచి వస్తూ వస్తూ ఇచ్చేశాం అనేశాను. పెనిమిటినైనా అడక్కుండా మొక్కేమిటని ఆవిడ ముందు ముఖం ముడుచుకుంది. తరవాత చేతులు జోడించి, మొక్కు తీరిందంటే రోగం పోయినట్టే అని చెల్లి నున్నటి తలమీద చెయ్యి వేసింది. విజయనగరం వెళ్ళి వీధి వీధంతా చెప్పుకుంది.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నాది అతికింది. ఆ సాయంత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను కూడాను.

మా మరిది మాత్రం అంతవరకూ చెల్లి గుండు చూడలేదు. ఆస్పత్రికి వచ్చినప్పుడు జుత్తుంది. తరవాత మిల్లులో సెలవివ్వలేదు. ఇప్పుడు వస్తానని కబురంపితే చెల్లి వద్దంది. జుత్తు వచ్చాక నేనే కబురు పెడతాను, అందాకా రావద్దని రాయమంది. రాసిపెట్టాను. ఆయన రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. పెళ్ళాం వద్దంటే మాత్రం రాకుండా ఉంటాడా, ఏం మనిషి అని నేను మా ఇంట్లో తిట్టిపోసేదాన్ని. ఆయన మాటకి కట్టుబడే మనిషని నాకు తట్టలేదు.

వానలు పడేవేళకి జుత్తు మొలిచింది. ముందు బూజు పట్టినట్టు కనిపించింది. ఒక ముసలావిడ గురివింద గింజలు నూరి రాస్తే ఒత్తుగా వస్తుందంటే అమ్మ ఒక పొద్దు రాసింది, మాడంతా బొబ్బలెక్కింది. నేను అమ్మని నోటికొచ్చినట్టు అన్నాను. ఆ తరవాత కొబ్బరినూనెలో గుంటగలగరాకు కాచి వడగట్టి, గోరువెచ్చగా వేలి చివర్లతో అద్దడమే. తలకి పెసరపిండి. బళ్ళోంచి వచ్చి రోజూ నేను అద్దేదాన్ని.

దువ్వెన పెడితే గుచ్చుకుంటోందనేది. మా పొందూరులో దూది శుభ్రం చేయడానికి వాలుగ చేప దవడ ఎముక వాడతారు. సన్నటి పళ్ళుంటాయి దానికి. గింజని పట్టుకుని ఆ పళ్ళతో దువ్వుతుంటే నలకంతా పోయి దూది పోగులు సాపుగా వస్తాయి. అమ్మ దగ్గర ఇరవై ఏళ్ళు వాడి పళ్ళు మొద్దుబారిన దవడొకటి ఉండేది. దాన్ని ఉడకబెట్టి, ఎండబెట్టి, దాంతో చెల్లి జుత్తు దువ్వేది. ఒళ్ళో తల పెట్టుకుని, దూదిని దువ్వినట్టే, ఊపిరి బిగబట్టి దువ్వేది. ఆ ఇంట్లో ఆ ఏడాది నాకు గుర్తున్న మంచి సంగతి అదొక్కటే.

నర్సమ్మ చెప్పినట్టే అది పాత జుత్తు కాదు. పాతది పోచల్లా సాపుగా ఉండేది. ఇది రాగి రంగులో, మెత్తగా, వంకీలు తిరిగి వచ్చింది. అమ్మకి అది నచ్చలేదు, మన వంశంలో ఎవరికీ ఇలాంటి జుత్తు లేదని గొణిగేది. చెల్లికి మాత్రం పిచ్చి మోజు. అద్దం ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వంకీ వేలికి చుట్టి వదిలేది. అది స్ప్రింగులా వెనక్కి పోతే నవ్వేది. "సూడప్పా, ఆయనకి సూపిస్తే గుర్తు పడతాడంటావా?" అని అడిగింది ఒకసారి. పడక ఏం చేస్తాడు, నీ మూతి వంకర ఎక్కడికి పోతుందే అన్నాను. దసరా నాటికి మూడు వేళ్ళ పొడుగైంది. ముడికి రాదు, జడకి అందదు. ఇంకో వేలు పొడుగు రానీ, అప్పుడు కబురు పెడదాం అనేది. ఆ ఇంకో వేలు పొడుగు కోసం ఆగకుండా ఉండాల్సింది.

దీపావళి వెళ్ళిన వారానికి, నూనె అద్దుతుంటే నా వేలికి గడ్డ తగిలింది. అదే చెవి కింద. నా చెయ్యి ఆగిపోయింది. చెల్లి చెయ్యెత్తి నా వేలు పక్కన పెట్టి తడుముకుంది.

విశాఖపట్నం వెళ్తే డాక్టరు మళ్ళీ అవే ఇంజక్షన్లన్నారు. పదిహేను రోజుల్లో వచ్చి చేరమన్నారు. జుత్తు మళ్ళీ పోతుందా అని చెల్లి నోరు తెరిచి అడిగింది. పోతుందన్నారు.

ఇంటికొచ్చిన రాత్రి నుంచి అమ్మకి ఒకటే పట్టు. రోగం ఎందుకు తిరగబెట్టింది? దేవుడికి ఇచ్చామని చెప్పి ఇవ్వలేదు గనక. ఊరంతా ఇచ్చామని చాటుకుని అప్పన్నని మోసం చేశాం గనక. పైగా ఇది మందు తరవాత కొత్తగా మొలిచిన జుత్తు, బిడ్డ మళ్ళీ పుట్టినట్టే, ఇవి పుట్టువెంట్రుకలే, అవి ఎప్పుడైనా దేవుడివే అంది. ఎలాగూ మందుకి పోయే జుత్తు, దేవుడికి పోతే తప్పేముంది అంది. అమ్మ అరవలేదు. నన్ను తిట్టలేదు. నీ నోటివల్లే అని ఒక్క మాట అని ఉంటే నేను నాలుగు మాటలని ఉందును. ఆవిడ నాకేసి చూసేది, అంతే.

నేను బళ్ళో పిల్లలకి గ్రహణం ఎలా పడుతుందో దీపం, నారింజపండు పెట్టి చెప్పేదాన్ని. రాహువూ లేదు, కేతువూ లేదు అనేదాన్ని. అదే నేను ఆ నాలుగు రోజులూ అన్నం సహించక తిరిగాను. ఒకవేళ నిజమే అయితే? నా నోటి దురదే ఆ పిల్ల మెడ మీద గడ్డై లేచి ఉంటే? చివరికి అమ్మ పక్కన కూర్చుని చెల్లికి నచ్చజెప్పింది కూడా నేనే. చదువుకున్న అప్ప చెప్తే వింటుందని అమ్మకి తెలుసు.

చెల్లి గోడకి జారబడి విన్నది. ఏడవలేదు.

"మొదటిసారి నన్ను అడక్కుండానే పోయింది. ఈసారి అడుగుతన్నారు, అంతేనా?" అంది. ఒక వంకీ వేలికి చుట్టి వదిలి, "ఇస్తాను. నాకు ఒక్కటే గావాల. ఆయన ఒక్కపాలి సూడాల. ఆదివారం ఎల్దాం. ఆదివారం ఆయనకి మిల్లు నేదు. పాసింజరు ఇజీనారంలో పది నిమిషాలాగుతాది. టేషనుకి రమ్మని కార్డు రాయప్పా" అంది.

శనివారమైతే స్వామికి మంచిదని అమ్మ నసిగింది గానీ చివరికి ఆదివారానికి ఒప్పుకుంది. చెల్లి చెప్తుంటే నేను రాశాను. నా జుత్తు వచ్చినది. ఆదివారం ఉదయం పాసింజరులో కిటికీ వద్ద కూర్చుందును. తమరు స్టేషనుకు రావలెను. తమరు అని రాయొద్దు, నువ్వనే రాయమంది. కొట్టేసి నువ్వని రాశాను.

ఆ కార్డు నేను డబ్బాలో వెయ్యలేదు. వీధి చివరిదాకా అమ్మ నా వెనకే వచ్చింది. అల్లుడొస్తే ఎక్కడికని అడుగుతాడు, ఇచ్చిన మొక్కు మళ్ళీ ఏమిటంటాడు, వాళ్ళమ్మకి తెలుస్తుంది, అది ఏం రోగమో దాచామని తెలుస్తుంది, రేపు మందు పనిచేసి పిల్ల బతికినా ఏ ఇంటికి పంపుతాం అంది. అందులో తప్పేం లేదు. ఒక అబద్ధాన్ని కాపాడాలంటే రెండోదాన్ని కాపలా పెట్టాలి. ఇంటికొచ్చి కార్డు పొయ్యిలో పెట్టాను. చెల్లి అడిగింది, వేశావా అని. వేశానన్నాను.

ఆదివారం పాసింజరెక్కాం. చీపురుపల్లి దాటాక చెల్లి కిటికీ పక్కకి మారింది. చిన్న అద్దం తీసి చూసుకుంది. అమ్మ సంచిలోంచి చేప దవడ అడిగి తీసుకుని తనే దువ్వుకుంది. విజయనగరం ప్లాట్‌ఫారం వస్తుండగా తల మీద ముసుగు తీసేసింది. ఏడాదిగా బయటివాళ్ళ ముందు ఎప్పుడూ తియ్యలేదు. ఎదుటి బల్లమీద వాళ్ళు చూశారు, పల్లీలమ్మే మనిషి చూశాడు. దానికేం పట్టలేదు. కిటికీ ఊచలకి నుదురు ఆనించి, అటు ఇటు, గేటు వైపు, వంతెన మెట్ల వైపు చూస్తూ కూర్చుంది. గాలికి వంకీలు లేస్తున్నాయి. పది నిమిషాలు. నాకు ఆ పది నిమిషాల్లో చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఎప్పుడూ ఆగని నోరు ఆ రోజు ఆగిపోయింది.

బండి కదిలాక కూడా అది వెనక్కే చూసింది. తరవాత ముసుగు వేసుకుని, "కార్డు అందనేదేమో" అంది. అందకేం, అందే ఉంటుందని అమ్మే అంది. అలా ఎందుకందో నాకు ఈనాటికీ తెలీదు. అందలేదని ఒప్పుకుంటే మళ్ళీ రాయమంటుందని భయపడి ఉంటుంది.

సింహాచలం కొండమీద మంగలాయన ముసలివాడు. తల తడిపి, ఇంత చిన్న జుత్తు ఎందుకమ్మా, ఇంకో ఆర్నెల్లాగి రావలసింది అన్నాడు. నేను చెల్లి తల కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాను. తడిసినా ఆ వంకీలు సాపు కాలేదు, అలాగే ముడుచుకుని నేల మీద పడ్డాయి. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. తిరుగు బండి విజయనగరంలో ఆగినప్పుడు చెల్లి అమ్మ ఒళ్ళో పడుకునే ఉంది. లేవలేదు.

ఇంజక్షన్లు ఈసారి పనిచెయ్యలేదు. గడ్డలు చంకల్లోకి, పొట్టలోకి దిగాయి. మూడో నెలలో డాక్టరే మా మరిదికి కబురు పెట్టించారు. ఆయన మిల్లు బట్టలతోనే పరుగెత్తుకొచ్చాడు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని పేరు పెట్టి పిలిచాడు. చెల్లి కళ్ళు తెరిచి చూసింది. చూసి, ముసుగు సర్దుకుని, గోడ వైపు తిరిగి పడుకుంది. ఆయన సాయంత్రం దాకా ఆ వీపుకేసి చూస్తూ కూర్చున్నాడు. వెళ్ళేముందు పాదం మీద చెయ్యి వేస్తే పాదం కూడా లాక్కుంది. నేను మంచానికి ఇటు పక్కనే ఉన్నాను. నాలుగు రోజులకి పోయింది.

ఏడాది తిరక్కుండా ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. నేను చాలాకాలం ఆయన్ని తిట్టుకున్నాను. ఆస్పత్రిలో ఒక్క కన్నీటి బొట్టు రాల్చాడా అనేదాన్ని. తిట్టుకోవడానికి ఇంకో మనిషి ఉంటే ఎంత సుఖంగా ఉంటుందో నాకు తెలిసినట్టు ఎవరికీ తెలీదు.

అమ్మ కూడా పోయాక, ఒకనాడు శ్రీకాకుళం బస్టాండులో కనిపించాడు. చంకలో ఏడాది పాప. భార్య పళ్ళు కొంటోంది. పాపకి పుట్టువెంట్రుకలు తీయించడానికి శ్రీకూర్మం వెళ్తున్నామన్నాడు. ఆ పాప జుత్తు వంకీలు తిరిగి ఉంది. నేను చూస్తూ ఉండిపోయాను. ఆయనా చూశాడు.

"పాపం, మీ సెల్లికి మళ్ళీ జుత్తు రానేనేదు గదా ఒదినా. వస్తే కబురెడతానంది. ఆ కబురు కోసమే సూసేను" అన్నాడు.

అబద్ధం చెప్పడం ఎంత తేలికో. రాలేదు బాబూ అంటే అయిపోయేది. బస్సొచ్చేది, ఎవరి దారిన వాళ్ళం పోయేవాళ్ళం.

వచ్చింది అన్నాను. రాగి రంగులో, వంకీలు తిరిగి వచ్చిందన్నాను. నీకు చూపించాలని ఆదివారం బండెక్కింది, మీ స్టేషన్లో ముసుగు తీసి పది నిమిషాలు కిటికీ దగ్గర కూర్చుంది, నిన్ను రమ్మని కార్డు రాయించింది, ఆ కార్డు నేను పొయ్యిలో పెట్టి, డబ్బాలో వేశానని దానికి చెప్పాను, నువ్వు అందుకుని కూడా రాలేదనుకుంది అన్నాను. గుక్క తిప్పుకోకుండా అంతా అనేశాను. తిడతాడనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను.

ఆయన పాపని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకున్నాడు.

"అందుకా ఒదినా, అటు తిరిగి పడుకున్నాది."

శ్రీకూర్మం బస్సు వచ్చింది. భార్య పళ్ళ సంచితో పరుగున వచ్చి ఎక్కమని పిలిచింది. ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. ఆ బస్సు వెళ్ళిపోయింది.